ఆరాధనలో భయభక్తులు: శనివారం సాయంత్రం నుంచే మొదలుపెట్టండి

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం) ఉన్న ఆదివారం అది. కడపలో మా సంఘం. కాపరి (పాస్టరు) గారు రొట్టెను చేతిలోకి తీసుకొని కృతజ్ఞతలు చెల్లిస్తున్నారు. అప్పుడే మధ్య వరసలో ఒకరి ఫోను మోగింది. ఆయన దాన్ని ఆపలేదు. తల కిందికి వంచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "చర్చిలో ఉన్నాను, త్వరగా చెప్పు" అన్నారు. ఎక్కడ ఉన్నారో ఆయనకు తెలుసు. ఎవరి ఎదుట ఉన్నారో ఆ క్షణాన గుర్తులేదు. ఆ రోజంతా నాకు మనసు బాగా లేదు. ఆయన మీద కోపం కాదు. ఫోను జేబులో నిశ్శబ్దంగా ఉన్నా, నేనూ ఎన్నో ఆదివారాలు అలాగే కూర్చున్నాను. కళ్లు ముందుకు, మనసు సోమవారం కట్టాల్సిన అప్పు మీద.

ఈ వ్యాసం ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు. భయభక్తులతో ఆరాధించాలని మనసులో ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారి కోసం రాస్తున్నాను. మీరు ఏ సంఘానికి వెళ్లినా, కతోలిక కోవెలలో మోకాళ్లూనినా, ఊరి చివర రేకుల షెడ్డులో చాప మీద కూర్చున్నా, ఇందులో చాలా భాగం మీకు పనికొస్తుంది.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. తెలుగులో భయాన్నీ భక్తినీ కలిపి ఒకే మాటగా పలుకుతాం. ఇది పోలీసు లాఠీకి పడే భయం కాదు. జమ్మలమడుగు దగ్గర గండికోటకు వెళ్లినవారికి ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే ఆ లోయ అంచుకు చేరగానే, అంతదాకా గలగలా మాట్లాడుతూ వచ్చినవారి గొంతు తగ్గుతుంది. పక్కనున్న పిల్లవాడి చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాదు. "భయభక్తులు కలిగి యెహోవాను సేవించుడి, గడగడ వణకుచు సంతోషించుడి" అని రెండవ కీర్తన చెప్పేది ఆ స్థితినే. వణుకూ సంతోషమూ ఒకే గుండెలో, ఒకే వేళ.

మన ప్రార్థన భాషలో కూడా ఈ రెండూ ఉన్నాయి. దేవునితో మాట్లాడేటప్పుడు "నీవు" అంటాం, అమ్మతో మాట్లాడినట్టు. ఆయన గురించి ఇతరులతో చెప్పేటప్పుడు "ఆయన" అంటాం, ఇంటి పెద్దను తలచుకున్నట్టు. చనువూ గౌరవమూ రెండూ పెద్దలు మనకు మాటలోనే అప్పగించి వెళ్లారు. ఆ రెంటిలో ఏ ఒక్కటీ పోకుండా చూసుకోవడమే మన పని.

శనివారం సాయంత్రం

ఆరాధన ఉదయం పది గంటలకు అయితే, భయభక్తులు అంతకు ముందు సాయంత్రమే మొదలవ్వాలి. పరుగెత్తుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడిన మనిషికి నిశ్శబ్దం దొరకడానికి అరగంట పడుతుంది. అప్పటికి సగం ఆరాధన అయిపోతుంది.

రేపు చదవబోయే వాక్యభాగం ముందే తెలిస్తే, రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో అందరూ వినేలా ఒకసారి చదవండి. తెలియకపోతే కాపరి గారిని అడగండి. అలా అడిగేవారు ఒకరైనా ఉన్నారంటే ఆయనకు కొండంత బలం. బట్టలు తెల్లవి కానక్కర్లేదు, ఖరీదైనవి అసలే కానక్కర్లేదు. ఉతికినవి తీసి పెట్టుకోండి, చాలు. కానుక కూడా రాత్రే విడిగా తీసి పెట్టండి. సంచి దగ్గరకు వచ్చాక జేబులో చిల్లర వెతుక్కోవడం, మిగిలినది ఇవ్వడమే అవుతుంది. అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే రైతుల సంగతి తలచుకోండి. అంత తక్కువ వాన పడే నేల మీద పండిన పంటలోంచి కోత పండుగకు ఒక మూట ముందుగా పక్కన పెట్టడమంటే మాటలు కాదు. ఆ మూటను భుజాన మోసుకొని మందిరంలోకి వచ్చే మనిషికి భయభక్తులు ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

శనివారం చేయాల్సిన పనుల్లో కష్టమైనది తగాదా తీర్చుకోవడం. బలిపీఠం ముందు కానుక పట్టుకొని నిలబడినప్పుడు సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని యేసు ప్రభువు చెప్పారు. ఆదివారం ఉదయం గుర్తొచ్చేదాకా ఎందుకు ఆగాలి? తమ్ముడితో గట్టు తగాదా ఉందా? వదినతో ఉగాది నుంచి మాటలు లేవా? శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి. ఎవరిది తప్పో తేల్చడానికి కాదు. "అన్నా, రేపు బల్ల ఉంది. నీతో మాట్లాడకుండా నేను చెయ్యి చాపలేను" అనండి. ఈ ఒక్క మాట చాలు, మిగతా లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. తలుపు తీయకపోతే బాధపడండి గాని నిరాశపడకండి. మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమనే పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చెబుతోంది.

గడప దగ్గర

పలకరింపులన్నీ గడప బయటే పూర్తి చేయండి. "వందనాలండి, బాగున్నారా, కూతురు కాన్పుకు వచ్చిందా" అన్నీ అడగండి. అవి ప్రేమగల మాటలు, సంఘానికి అవసరమైనవి. గడప దాటాక మాత్రం మాట ఆపండి.

చెప్పులు విడవడం మన పల్లె సంఘాల్లో ఇప్పటికీ ఉంది. పట్టణాల్లో కుర్చీలు, టైల్సు వచ్చాక కొన్నిచోట్ల పోయింది. మోషేతో దేవుడు మొదట చెప్పినవాటిలో ఒకటి చెప్పులు విడువమనే. మా అమ్మమ్మ ఊరి మందిరంలో కడప బండలు పరిచి ఉండేవి. ఎండాకాలంలో బయటి మెట్టు కాలేది, గడప దాటగానే అరికాలికి చల్లగా తగిలేది. చిన్నప్పుడు "ఇది వేరే చోటు" అని నాకు తెలిసింది ఆ అరికాలితోనే. మీ సంఘంలో చెప్పులతో లోపలికి వెళ్లే అలవాటు ఉంటే గొడవ పెట్టకండి. మీ మట్టుకు మీరు విడవండి. అడిగినవారికి చెప్పండి.

ఇది అన్యుల పద్ధతి అనేవారు ఉంటారు. 1969 ఏప్రిల్‌లో భారతీయ కతోలిక బిషపులు అడిగిన పన్నెండు మార్పులకు రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు విడవడం, ఒక మోకాలు వంచడానికి బదులు చేతులు జోడించి నమస్కరించడం, పంచాంగ ప్రణామం (మోకాళ్లు, చేతులు, నుదురు నేలకు ఆనించి మొక్కడం) వాటిలో ఉన్నాయి. అంతకు ముందే, అనుమతి సంగతి ఎవరూ ఆలోచించని రోజుల్లోనే, మన పల్లె విశ్వాసులు చెప్పులు గడప బయట విడిచేవారు. కడపలోనే పెద్ద దర్గాకు వెళ్లేవారిని చూడండి, ఏ మతం వారైనా తల కప్పుకొని, గొంతు తగ్గించి లోపలికి నడుస్తారు. పొరుగువారి మర్యాదను చూసి మనం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు.

ఫోను సంగతి ఒక్క మాటలో: శబ్దం తగ్గించడం కాదు, పూర్తిగా ఆపేయండి. ఆసుపత్రిలో ఎవరైనా ఉంటేనో, మీరే నర్సు అయితేనో, వెనక నిలబడే సంఘ పెద్ద చేతికి ఇచ్చి "ఫలానా నంబరు వస్తే పిలవండి" అని చెప్పండి.

లోపలికి వెళ్లాక మూడు నిమిషాలు ఏమీ చేయకండి. ప్రార్థన మాటలు కూడా వద్దు. "ఆయన సన్నిధిని లోకమంతయు మౌనముగా ఉండును గాక" అన్న హబక్కూకు ప్రవక్త మాటను మనసులో ఒకసారి అనుకొని కూర్చోండి.

ఆలస్యంగా వచ్చేవారి విషయం ఇక్కడే చెప్పాలి. పాలు పిండి, కేంద్రంలో పోసి, పిల్లలకు తలలు దువ్వి వచ్చేసరికి మొదటి రెండు పాటలు అయిపోయిన అమ్మ భయభక్తులు లేనిది కాదు. హోటల్లో పొద్దుటి షిఫ్టు ముగించుకొని పరుగున వచ్చిన కుర్రవాడూ అంతే. వాళ్లను వెనక్కి తిరిగి చూడకండి. జరిగి చోటివ్వండి.

శరీరానికి నేర్పండి

హెబ్రీ భాషలో ఆరాధనకు ఎక్కువగా వాడే మాటకు వంగడం, సాగిలపడడం అని అర్థం. పత్మసు ద్వీపంలో యోహాను ప్రభువును చూసి చచ్చినవానిలా ఆయన పాదాల దగ్గర పడ్డాడు. మనం మాత్రం మనసు ఒకటి చాలు, శరీరంతో పని లేదన్నట్టు కూర్చుంటున్నాం. మనసు మాట వినని రోజున మోకాళ్లు ముందు వంచితే మనసు వెనకే వస్తుంది. ఇది నా అనుభవం.

కాబట్టి ఆరాధనలో ఒక్క ప్రార్థనకైనా మోకరించండి. నేల మీద కూర్చునే సంఘమైతే ముందుకు వంగి నుదురు నేలకు ఆనించవచ్చు. ఇంట్లో రోజూ పడుకునే ముందు ఒక నిమిషం చేస్తే, ఆదివారం నలుగురిలో బిడియం ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కూర్చునే తల వంచి చేతులు జోడిస్తే చాలు, అదీ సాష్టాంగమే. ఎవరు మోకరించారు, ఎవరు మోకరించలేదు అని లెక్క చూడకండి. లెక్క చూసేవాడి కళ్లు తెరిచే ఉంటాయి కదా.

పాట

భయభక్తులంటే పాత కీర్తనలే పాడాలి, కొత్త పాటలు వద్దు అనేవారితో నేను ఏకీభవించను. డోలకు, కంజీర పట్టుకొని పాడిన పాటలో వణుకు పుట్టించే శక్తి ఉంటుంది. కీబోర్డు, ప్యాడ్లతో కూడా పుట్టించవచ్చు. చూడాల్సింది ఇంకొకటి. పాటలో "నేను, నాకు, నా" ఎన్నిసార్లు వస్తోంది, దేవుడు ఎవరు, ఏం చేశాడు అన్నది ఎన్నిసార్లు వస్తోంది? పాట నడిపించేవారు శనివారం కాగితం మీద రాసి చూసుకోవాలి. ఆరాధనలో మొదటి పాట మాత్రం ఆయన గురించే ఉండాలి. మన కన్నీళ్లు, మన అవసరాలు తర్వాత వస్తాయి. యెషయా ప్రవక్త తన దర్శనంలో మొదట విన్నది "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అన్న సెరాపులనే దూతల కేక. "అయ్యో" అని తన సంగతి చెప్పుకున్నది ఆ తర్వాతే.

శబ్దం గురించి నిక్కచ్చిగా చెబుతాను. ముప్పై మంది కూర్చునే గదిలో పెళ్లి పందిరికి సరిపడే సౌండ్ బాక్సులు పెడితే, జనం పాడడం మానేసి వింటూ కూర్చుంటారు. పరీక్ష చాలా తేలిక: మీ పక్కనున్న ముసలావిడ గొంతు మీకు వినిపిస్తోందా? వినిపించకపోతే శబ్దం తగ్గించండి. చివరి చరణానికి వాద్యాలన్నీ ఆపి గొంతులతోనే పాడించండి. ఆ క్షణంలో గదిలో ఏం జరుగుతుందో మీరే చూస్తారు. ఇక మందిరం మీది మైకు: రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకులు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్న పొరుగువాడి చెవిలో మోగితే, అతనికి వినపడేది దేవుని ఘనత కాదు.

వాక్యం చదివేవారికి

ఈ పనిని మనం చాలా తేలిగ్గా తీసుకుంటున్నాం. ఆరాధన మొదలయ్యాక ఎవరో ఒకరికి బైబిలు చేతిలో పెట్టి "మీరు చదవండి" అంటాం. నెహెమ్యా రోజుల్లో ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథం విప్పగానే జనమంతా లేచి నిలబడ్డారు. తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా విన్నారు. చదివినవారు స్పష్టంగా, అర్థం తెలిసేలా చదివారు. మనం కూడా కనీసం సువార్త పాఠానికి లేచి నిలబడదాం. చదివేవారిని వారం ముందే నియమిద్దాం.

మీకు ఆ బాధ్యత వస్తే, ఇంట్లో గట్టిగా మూడుసార్లు చదవండి. మొదటిసారి నోరు తిరగని పేర్ల కోసం. నెబుకద్నెజరు, మెఫీబోషెతు లాంటి పేర్ల దగ్గర తడబడితే వినేవారి ధ్యాస అక్కడే తెగిపోతుంది. రెండోసారి ఊపిరి కోసం. మన బైబిలు వాక్యాలు పొడవైనవి, పాత గ్రాంథికపు నడకలో ఉంటాయి. వచనం అంకె దగ్గర ఆగకండి, అర్థం ఆగినచోట ఆగండి. "ఏలయనగా" ముందు ఒక క్షణం నిలవండి. తర్వాత వచ్చేది కారణమని పరధ్యానంగా వినేవారికి కూడా తెలుస్తుంది.

మూడోసారి వాక్యాల చివరల కోసం. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదు అనే మాట కూడా దానిలోనే ఇమిడి ఉంటుంది. "విడుతును" అన్నా "విడువను" అన్నా తేడా అంతా చివరి అక్షరాల్లోనే. చాలామంది ఊపిరి అయిపోయి అక్కడే గొంతు దించేస్తారు. నిన్ను విడువనని, ఎడబాయనని దేవుడు చేసిన వాగ్దానం వెనక వరసలో కూర్చున్న విధవరాలికి వినపడకుండా పోవడానికి ఆ ఒక్క అక్షరం మింగడం చాలు. ఆమె ఆ మాట కోసమే నాలుగు మైళ్లు నడిచి వచ్చి ఉండవచ్చు. వాక్యం చివరిదాకా ఊపిరి మిగుల్చుకోండి.

చదవడం అయ్యాక పుస్తకాన్ని టప్పున మూయకండి. పది అంకెలు మనసులో లెక్కపెట్టి కూర్చోండి.

ప్రార్థన

దేవునికి వార్తలు చెప్పకండి. "ప్రభువా, నీకు తెలుసు, ఈ వారం మా సంఘంలో..." అని మొదలై ప్రకటనలుగా మారే ప్రార్థనలు నేనూ చేశాను. ఇంకొకరికి తగలాలని దేవుని పేరుతో మాట విసరడం మరింత చెడ్డ అలవాటు. మాట దొరకనప్పుడల్లా "ప్రభువా, ప్రభువా" అని నింపడం కూడా మానుకోవాలి. మాట దొరక్కపోతే ఆగండి. ఆ ఆగడమే ప్రార్థన కావచ్చు. సంఘ ప్రార్థనలో ఒక నిమిషం పూర్తి మౌనం పెట్టమని కాపరి గారిని అడగండి. మొదటి వారం దగ్గులు వినిపిస్తాయి. రెండో వారం పిల్లలు వినిపిస్తారు. నాలుగైదు వారాలకు జనం ఆ నిమిషం కోసం ఎదురుచూస్తారు.

ప్రభువు బల్ల

ఇంతవరకు చెప్పినవన్నీ చేసి, ఈ ఒక్కచోట తప్పితే మిగతా వాటికి విలువ లేదు. అందుకే కొంచెం నిలిచి చెబుతాను.

అయోగ్యంగా రొట్టె తిని పాత్రలోనిది తాగేవాడు ప్రభువు శరీరం, రక్తం గురించి అపరాధి అవుతాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఈ మాట మనం ప్రతి బల్ల ముందూ చదువుతాం. చదివి, రహస్య పాపాల కోసం మాత్రమే మనసులో వెతుక్కుంటాం. అదీ కావాలి. కానీ కొరింథులో పౌలుకు కోపం తెప్పించిన సంగతి ఏమిటో పైవచనాల్లో ఉంది. ఉన్నవారు ముందే తిని తాగేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. అందుకే ఆ అధ్యాయం చివర ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండి అన్నాడు.

మన సీమ సంఘాల్లో ఈ మాట ఇంకా లోతుగా తగలాలి. కులం పేరు ఎత్తకుండానే కులం చూసి కూర్చునే చోట్లు ఉన్నాయి. పాత్ర తనకంటే ముందు ఎవరి పెదవులకు తగులుతుందోనని చూసి వరసలో చోటు మార్చుకునేవారిని నా కళ్లతో చూశాను. అక్కడ ఎంత నిశ్శబ్దం పాటించినా, ఎన్నిసార్లు మోకరించినా, ఎదుట ఉన్నవాడు ఎవరో తెలియనట్టే. ఆయన తన శిష్యుల కాళ్లు కడిగినవాడు. ఆయనకు భయపడేవాడు ఆయన పిలిచిన మనిషి పక్కన నిలబడడానికి వెనుకాడకూడదు.

మీరు చేయగలిగినది ఇది. బల్ల దగ్గరకు వెళ్లేటప్పుడు మీ ఇంటివారితో కలిసి గుంపుగా వెళ్లకండి. మీతో మాట్లాడడానికి మామూలుగా ఎవరూ ముందుకు రాని మనిషి వెనక నిలబడండి. పెద్దలైతే చివరన తీసుకోండి. దక్షిణ ఇండియా సంఘపు (సి.ఎస్.ఐ.) ఆరాధన క్రమంలో సమాధానం చెప్పుకునే పద్ధతి ఒకటి ఉంది: ఒకరి కుడి అరచేయి ఇంకొకరి కుడి అరచేతికి ఆనించి, ఇద్దరూ ఎడమ చేతితో ఎదుటివారి కుడి చేతిని మూస్తారు. 1947లో వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటై ఏర్పడిన సంఘానికి ఆ చేతులు పట్టుకోవడం ఎంత అవసరమో ఊహించండి. తొందరగా వేళ్లు తాకించి వదలకండి. రెండు చేతులతో పట్టుకొని, ముఖం చూసి, "సమాధానం" అనండి. మట్టి పని చేసిన చెయ్యి గరుకుగా తగిలితే ఇంకో క్షణం పట్టుకోండి.

రొట్టె చేతిలోకి తీసుకునేటప్పుడు కుడి అరచేతి కింద ఎడమ అరచేయి పెట్టండి. పెద్దల దగ్గర ఏదైనా అందుకునేటప్పుడు ఇంట్లో మనకు నేర్పినదే కదా.

కెమెరా, పిల్లలు

ఆరాధనను ఫోనులో ప్రసారం చేసే సంఘాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. మంచం మీద ఉన్నవారికి అది వరం. కెమెరాను ఒకచోట కదలకుండా పెట్టండి. ప్రార్థించేవారి ముఖాల దగ్గరకు తీసుకుపోకండి. బల్ల సమయంలో ఆపేయండి.

పిల్లలు ఏడుస్తారు, అటూ ఇటూ తిరుగుతారు. దానికి తల్లిని గద్దించకండి. పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి, వెనక కూర్చుంటే వాళ్లకు వీపులే కనిపిస్తాయి. రొట్టె విరవడం కనిపిస్తే వాళ్లే నోరు మూసుకొని చూస్తారు. ఇంటికి వెళ్లాక "ఎందుకు విరిచారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఆశీర్వాదం అయ్యాక

"ఆమేన్" అనగానే చెప్పుల కోసం పరుగెత్తకండి. కూర్చొని పది ఊపిర్లు తీసుకోండి. తర్వాత చాపలు మడిచే పని, నేల ఊడ్చే పని వంతుల వారీగా పంచుకోండి. ఆ వంతుల్లో సంఘ పెద్దల పేర్లు, డాక్టరు గారి పేరు, ప్లీడరు గారి పేరు కూడా ఉండాలి. మా అమ్మమ్మ ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు. అందరూ వెళ్లాక ఊడ్చి, చాపలు మడిచి గోడకు ఆనించేది. తలుపు వేసే ముందు లోపలికి ఒకసారి తిరిగి నిలబడేది, కొంగు తల మీదికి సర్దుకొని. "ఎవరూ లేరు కదమ్మమ్మా" అని ఒకసారి అడిగాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నన్ను కూడా లోపలి వైపు తిప్పింది.